కొత్త ల్యాప్‌టాప్‌లో పచ్చని కొండ

కర్నూలు పాతబస్తీలో నాకు తెలిసిన డీటీపీ షాపొకటుంది. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లో దాని పాత కంప్యూటర్ ఆగిపోయింది. షాపతను కొత్త ల్యాప్‌టాప్ కొని, నాకు ఫోన్ చేశాడు. "అన్నా, దీంట్లో పాత విండోస్ ఎక్కియ్యల్ల. నా ఫైళ్లు తెరుచుకుంటే చాలు."

అది మొండితనం కాదు. అతని పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0. అదీ, విండోస్ ఎక్స్‌పీ 2001లోనే వచ్చాయి. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తలకట్లు, ఒత్తులు దాచుకుంటాయి. ఫాంటు లేకుండా శుభలేఖ తెరిస్తే వధూవరుల పేర్లు కూడా అర్థంకాని గుర్తులే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా ఈ షాపుల్లో చెయ్యి తిరిగింది పాత పద్ధతికే.

ఎక్స్‌పీ ఈ మిషన్ మీద అసలే నిలవదని, ముందు విండోస్ 7 పెన్‌డ్రైవ్ పెట్టాను. సెటప్ మొదలైంది. ఆ వెంటనే సీడీ డ్రైవ్‌కు డ్రైవర్ లేదని ఆగిపోయింది. చిత్రమేమంటే ఆ ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు!

సంగతేమిటంటే, బూట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్‌ను చదివేది ల్యాప్‌టాప్‌లోని ఫర్మ్‌వేర్. తర్వాత పగ్గాలు విండోస్ చేతికొస్తాయి. 2009 నాటి విండోస్ 7కి యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. చాలా ఏళ్లు కొత్త యూఎస్‌బీ కంట్రోలర్ పక్కనే పాతదీ ఉండేది కాబట్టి బండి నడిచింది. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం చిప్‌లలో పాతదాన్ని తీసేశారు. దాంతో సెటప్‌కు తాను లోపలికొచ్చిన తలుపే కనబడదు.

ఆ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి చేర్చాను. ఈసారి డిస్కుల జాబితా ఖాళీ. దీంట్లో ఉన్న ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డిస్కు విండోస్ 7 పుట్టాక వచ్చిన సరుకు. మైక్రోసాఫ్ట్ తర్వాత అతుకొకటి ఇచ్చింది. అదీ వేశానే అనుకోండి, గ్రాఫిక్స్‌కూ వైఫైకీ డ్రైవర్లెక్కడివి? ఇంకా కొత్త ల్యాప్‌టాప్‌లయితే పాత బయోస్ పద్ధతిని పూర్తిగా వదిలేశాయి. వాటిలో విండోస్ నాలుగు రంగుల బొమ్మ దగ్గరే పని ఆగిపోతుంది.

ఓటమి ఒప్పుకుని వర్చువల్‌బాక్స్ వేశాను. లేని కంప్యూటర్‌ను ఉన్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేర్ అది. పాతకాలపు ఐడీఈ డిస్కును, పాత మౌస్‌ను నటించి చూపిస్తుంది. దాంట్లో ఎక్స్‌పీ ఎక్కించాను. ఎనిమిది జీబీ ర్యామ్‌లో 512 ఎంబీ ఇస్తే ఎక్స్‌పీకి విందు భోజనమే, దానికి 64 ఉన్నా చాలు మరి. నెట్ మాత్రం తీసేశాను. 2014 ఏప్రిల్ 8 తర్వాత దాని భద్రతను పట్టించుకునే నాథుడు లేడు.

కాసేపటికి తెర మధ్యలో ఎక్స్‌పీ వాల్‌పేపర్: నీలాకాశం, పచ్చని కొండ. 1996లో కాలిఫోర్నియాలో చార్లెస్ ఓరియర్ తీసిన ఫోటో అది. షాపతను దాన్నే చూస్తూ నవ్వాడు.

"ఈ ఎండల్లో కర్నూల్లో పచ్చని కొండ యాడుందన్నా, దీంట్లో తప్ప!"