మట్టి లేని మడి – పొగమంచులో పైరు

మొక్కకు మట్టి అవసరమా అని అడిగితే మన పల్లెల్లో ఏ రైతైనా నవ్వుతాడు. కాని రసాయన శాస్త్ర దృష్టిలో మట్టి మొక్కకు ఆహారం కాదు; ఆహారాన్ని దాచి ఉంచే గాదె మాత్రమే. వేరు కోరేవి నీరు, ప్రాణవాయువు, నత్రజని, భాస్వరం, పొటాషియం వంటి మూలకాలు. వాటిని తగు పాళ్ళలో అందించగలిగితే గాదె లేకున్నా పైరు పెరుగుతుంది. వేళ్ళను గాలిలో వ్రేలాడదీసి పోషక ద్రావణాన్ని తుంపరగా అందించే పద్ధతికి 1957లో ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త ఏరోపోనిక్స్ అని పేరు పెట్టాడు. తుంపరకు బదులు పొగమంచును వాడటం దాని తరువాతి మెట్టు.

నదులు లేని సౌదీ అరేబియాలో నివసించే మనకు ఈ విషయం కేవలం వినోదం కాదు. ఇసుక క్రింద వేల ఏళ్ళనాడు నిలిచిన జలాన్ని తోడి, ఈ దేశం 1992 ప్రాంతంలో ఏటా సుమారు 40 లక్షల టన్నుల గోధుమ పండించింది. ఆ నీరు తిరిగి ఊరేది కాదని గ్రహించి, 2008లో సాగు తగ్గింపు నిర్ణయం తీసుకొని, 2016 నాటికి స్థానిక గోధుమ కొనుగోలు ఆపివేసింది. తరువాత పరిమితంగానే మళ్ళీ అనుమతించింది. నేడు మన కుళాయిల్లోకి వచ్చే నీరు చాలావరకు ఇంధనం వెచ్చించి శుద్ధి చేసిన సముద్రజలమే. అందుచేత ఇక్కడ ప్రతి చెంబుడు నీటికీ లెక్క ఉన్నది.

ఇక పరికరం సంగతి. ద్రావణంలో మునిగిన చిన్న పింగాణీ బిళ్ళ విద్యుత్తుతో సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపించి, నీటిని కొద్ది మైక్రాన్ల బిందువులుగా చీలుస్తుంది. మూత వేసిన చీకటి పెట్టెలో ఈ మంచు వేళ్ళను కమ్ముకొంటుంది; మిగిలినది తిరిగి తొట్టిలోకి జారుతుంది. ఖర్చయ్యే నీటిలో అధికభాగం ఆకులు ఆవిరిగా విడిచేదే. వేళ్ళు గాలిలోనే ఉండుటచే ప్రాణవాయువుకు కొదువ లేదు.

ద్రావణం విషయంలో ఒక హెచ్చరిక. కాల్షియం నైట్రేటు గాఢ ద్రావణాన్ని ఫాస్ఫేటు, సల్ఫేటు లవణాలతో ఒకే సీసాలో కలపరాదు. అవి తెల్లని మడ్డిగా అడుగుకు దిగి మొక్కకు అందకుండా పోతాయి. రెండు సీసాలుగా ఉంచి, నీటిలో పలుచన చేసిన పిమ్మటనే కలపాలి. ఇనుమును చీలేటు రూపంలో వాడాలి. ద్రావణం పి.హెచ్. 5.5, 6.5 మధ్య ఉండటం శ్రేయస్కరం.

లోపాలూ లేకపోలేదు. బిళ్ళ నీటిని వేడెక్కిస్తుంది; దానిపై లవణాలు పేరుకొంటాయి కనుక పలుచని వెనిగరుతో తరచు శుభ్రపరచాలి. కరెంటు పోతే తడి నిలుపుకొనే మట్టి లేని వేళ్ళు త్వరగా ఎండిపోతాయి. నిలువ నీటిలో సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదమున్నందున మంచు గదిలోకి రాకుండా మూత గట్టిగా ఉండాలి. అన్నిటికన్న పెద్ద సమస్య వెలుతురు. సౌదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ 2023 ఫిబ్రవరిలో రియాద్‌లో తుంపర సాగుకై అమెరికాకు చెందిన ఏరోఫార్మ్స్ సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. అదే ఏడు జూన్‌లో ఆ సంస్థ స్వదేశంలో దివాలా రక్షణ కోరి, సెప్టెంబరులో బయటపడింది. కృత్రిమ కాంతికయ్యే విద్యుత్ వ్యయం ఈ రంగానికంతటికీ పెనుభారం. నీటిలో ఆదా చేసినది దీపాలకు ధారపోస్తే లాభమేమి?

కనుక మన ఇండ్లలో ఎండ వచ్చే తూర్పు కిటికీయే తగిన చోటు. కరివేపాకు చెట్టుజాతి; దానిని మట్టికుండీలోనే ఉంచుదాం. గోధుమ, వరి ఈ పద్ధతికి గిట్టుబాటు కావు. తోటకూర, మెంతికూర, లేత గోంగూర ప్రయత్నింపదగినవి. కొమ్మలకు వేళ్ళు తెప్పించుటలో పొగమంచు మిక్కిలి సమర్థమైనది. కూర కోసం తెచ్చిన పుదీనా కట్టలోని నాలుగు కొమ్మలతో పిల్లల చేత మొదలు పెట్టించండి. తెల్లని వేళ్ళు గాలిలో దిగుతూండగా చూచిన పిల్లవానికి నీటి విలువను వేరుగా బోధించనక్కరలేదు.