పాత ఫ్రిజ్, టీవీ అద్దె పోర్షన్ కోసం దాస్తున్నారా? ముందు ఇవి చెక్ చేయండి

కొత్త ఫ్రిజ్ కొంటే పాతదానికి ఎక్స్ఛేంజ్‌లో వచ్చేది చాలా తక్కువ. అందుకే చాలా ఇళ్లలో "ఉండనీ, అద్దె పోర్షన్‌లో పెడదాం" అంటారు. మా పై పోర్షన్ సెమీ ఫర్నిష్డ్‌గా ఇస్తాం కాబట్టి ఏది దాచాలి, ఏది వదిలించుకోవాలి అని చూసేది నేనే. నావి రెండే రూల్స్. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా పాడయ్యే వస్తువు దాచొద్దు. మనకు మిగిలే డబ్బు అద్దెకున్నవాళ్ల కరెంటు బిల్లులోంచి రాకూడదు.

ముందు కరెంటు లెక్క

ఫ్రిజ్ చల్లబడుతోంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఎనర్జీ మానిటరింగ్ ఉన్న 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి రెండు మూడు రోజులు మామూలుగా వాడండి. రోజుకి 1.2 యూనిట్లు లాగితే ఏడాదికి దాదాపు 440. అదే సైజు కొత్త మోడల్ స్టార్ లేబుల్ మీద 200 ఉందనుకుందాం. యూనిట్ 7 రూపాయల చొప్పున తేడా ఏడాదికి 1,680 రూపాయలు. మూడేళ్లలో 5 వేలు దాటుతుంది. ఆ డబ్బు కట్టేది ఓనర్ కాదు.

తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. ఈజీగా జారిపోతే గాస్కెట్ వదులైనట్టే. మార్చి మళ్లీ కొలవండి.

దాచదగ్గవి

ఫ్రిజ్: ఐస్ మొత్తం కరిగించి, తుడిచి, బాగా ఆరాక నిలువుగానే పెట్టండి. తలుపు పూర్తిగా మూస్తే లోపల బూజు, వాసన. సన్నని సందు ఉండేలా గుడ్డ పెట్టి బయట తాడు కట్టండి, పిల్లలు లోపలికి దూరకుండా. బయటికి తీసినప్పుడు కొన్ని గంటలు కదలకుండా ఉంచి ఆన్ చేయండి.

వాషింగ్ మెషిన్: పైపుల్లో, డ్రెయిన్ ఫిల్టర్‌లో నీళ్లు తీసేయండి. ఫ్రంట్ లోడ్ అయితే కదిపే ముందు ట్రాన్సిట్ బోల్టులు బిగించాలి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, కాబట్టి అడుగున జాలీ తప్పనిసరి.

టీవీ: పడుకోబెట్టొద్దు, నిలువుగా ఉంచండి. రిమోట్‌లో సెల్స్ తీసేయండి, లీక్ అయితే రిమోట్ పోతుంది.

స్ప్లిట్ ఏసీ: విప్పే ముందు టెక్నీషియన్‌తో గ్యాస్‌ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి పంప్ డౌన్ చేయించి, పైపు చివర్లు మూయించండి. పాత ఆర్22 మోడల్ అయితే దాచకపోవడమే మంచిది. ఆ గ్యాస్‌ని దశలవారీగా తగ్గిస్తున్నారు.

దాచకూడనివి

ఇన్వర్టర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ: పక్కన పెట్టినా ఛార్జ్ దానంతటదే దిగిపోతుంది. అలా నెలలు వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ పడిపోతుంది. బ్యాటరీ షాపులో పాత బ్యాటరీకి డబ్బులొస్తాయి, ఇచ్చేయండి.

ఆర్‌ఓ ప్యూరిఫయర్: నీళ్లు నిలిచిన ఫిల్టర్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది, మెంబ్రేన్ ఎండితే పనిచేయదు. రెండూ కొత్తవి వేయించలేకపోతే అద్దెవాళ్లకి ఇవ్వొద్దు.

గీజర్: దాచొచ్చు గానీ, బిగించే ముందు థర్మోస్టాట్, సేఫ్టీ వాల్వ్, ఎర్తింగ్ చెక్ చేయించాల్సిందే. ఇక్కడ కక్కుర్తి పడితే షాక్ కొట్టేది వేరేవాళ్లకి.

తాళాలు ఇచ్చే ముందు

స్మార్ట్ టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. లేదంటే మీ అకౌంట్, వాచ్ హిస్టరీ, సేవ్ చేసిన పేమెంట్ అన్నీ వాళ్ల చేతికి వెళ్లినట్టే. ప్రతి వస్తువునీ ఆన్ చేసి వాళ్ల ముందే చిన్న వీడియో, సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి. ఏమేం ఇచ్చారు, రిపేర్ వస్తే ఎవరు పెట్టుకోవాలి అన్నది అగ్రిమెంట్‌లో రాయండి. అడ్వాన్స్ వెనక్కిచ్చే రోజు గొడవ ఉండదు.

వెర్డిక్ట్

ఏడాదిలోపు వాడకం ఖాయమైతేనే దాచండి. లేదంటే పనిచేస్తున్నప్పుడే అమ్మేయండి. పాడైనవి ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వండి. మెట్ల కింద మూడేళ్లు ఉన్న ఫ్రిజ్‌ని "ఫర్నిష్డ్" అని చెప్పి అద్దె పెంచడం మాత్రం వద్దు బాస్.