పాత జీపు: ఇరుసు సీలు కారితే బ్రేకుకే ముప్పు



మన దేశంలో మహీంద్రావారు విల్లీస్ జీపులు బిగించేవారు. నాలుగు చక్రాలూ లాగే అటువంటి పాత బండ్లు ఇంకా కొందరి కొట్టాల్లో ఉన్నాయి. మొన్న ఒక రైతు జీపులో కాలవగట్టు దిగుతున్నాం. బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు ఈడ్చింది. త్రుటిలో తప్పింది! వెనక డ్రమ్ము విప్పితే లైనింగు చమురులో నాని ఉంది.

అది ఏ చమురో ముందు తెలుసుకోవలెను. చిక్కగా, గంధకం వాసన వేస్తే గేరు ఆయిలు, సీలు పోయిందన్నమాట. పల్చగా ఉండి, బ్రేకు ఆయిలు మట్టం తగ్గుతుంటే చక్రం సిలిండరు కారుతున్నది.

కొత్త సీలు కొనేముందు ఇరుసు గొట్టం మీది గాలి రంధ్రం చూడండి. అది బురదతో పూడితే, వేడెక్కిన గాలి దారిలేక చమురును సీలు గుండా నెడుతుంది. మూత బిగించిన కుండ పొంగినట్లే. చమురు ఎక్కువ పోసినా ఇంతే. నింపే రంధ్రం అంచు వరకే ఉండవలెను.

విప్పేటప్పుడు మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, బండిని గట్టి స్టాండు మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మరాదు. సీలు ఆనేచోట ఇరుసుకు గాడి పడినా, బేరింగు ఆడుతున్నా ముందు అవి బాగుచేయించాలి. లేకుంటే కొత్త సీలూ నిలవదు. సీలు పెదవి చమురు వైపు ఉండాలి. దానికి గ్రీజు పూసి, చెక్కముక్క ఆనించి, చుట్టూ సమంగా తట్టండి. షిమ్ములనే పల్చని రేకులు వస్తే, ఎన్ని తీశారో అన్నీ తిరిగి పెట్టండి.

చమురు తాగిన లైనింగును కడిగి వాడకండి. రెండు పక్కలా మార్చండి. సీలు ఖరీదు స్వల్పం. బండెక్కిన కూలీల ప్రాణాలకు ఖరీదు కట్టలేం.