మోపెడ్ ప్రాణం నూనెలో

పాలక్యాన్లు తగిలించుకొని తెల్లవారుజామున బయలుదేరే మోపెడ్‌కు ఒకనాడు పెట్రోలు ఒక్కటే చాలేది కాదు.

1972లో లూనా, 1980లో టి.వి.ఎస్. 50 రావడంతో, సైకిలుపై బ్రతుకు సాగించిన చిరువ్యాపారులెందరికో ఇంజను బలం అందుబాటులోకి వచ్చింది. ఈ 50 సి.సి. బండ్లకు గేర్లు మార్చే పని లేదు. పెడలు తొక్కితే ఇంజను అందుకొనేది; యాక్సిలరేటరు తిప్పి వేగం పెంచగానే క్లచ్చి తనంతట తానే పట్టుకొని చక్రాన్ని నడిపించేది.

అయితే ఆ టూ-స్ట్రోక్ ఇంజనులో పెట్రోలుతో కలిపిన నూనెయే పిస్టనుకు రక్ష. అది తగ్గితే పిస్టను వేడెక్కి, వ్యాకోచించి, సిలిండరులో బిగుసుకుపోయేది. ఆనాటి సంపాదన దారిలోనే ఆగిపోయేది. ఎక్కువైతే పొగ, ప్లగ్గుకు మసి.

2015లో వచ్చిన టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. 100 ఫోర్-స్ట్రోక్ ఇంజనుతో ఈ కలపడం తప్పింది. కాని ఇంజనులో నూనె మట్టం చూసుకోవలసిన బాధ్యత నేటికీ నడిపేవానిదే.