నాగార్జునకొండ పడవరేవునకు దారి

నాగార్జునకొండ ఒక ద్వీపము. అయితే అది పుట్టుకతో ద్వీపము కాదు. కృష్ణానది ఒడ్డున, పల్నాటి లోయలో, చుట్టును పల్లెలు, పొలములు ఉండగా నిలిచిన కొండ అది. నాగార్జునసాగరము నిండినప్పుడు లోయ మునిగినది, పల్లెలవారు ఇల్లువాకిళ్లు విడిచి తరలిపోయిరి, కొండ పైభాగము మాత్రము నీటిపైన మిగిలినది. అందుచేత నేడు అచ్చటికి పోవలెనన్న పడవ తప్ప వేరు మార్గము లేదు.

సుల్తానాబాదు, పెద్దపల్లి ప్రాంతములనుండి బయలుదేరు కుటుంబములకు చిక్కు తెచ్చునది ద్వీపము కాదు, రేవు. మూడువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణముచేసి, పిల్లలతోను పెద్దలతోను సాగరము చేరి, తీరా పడవ లేదని తెలిసి ఆనకట్టను మాత్రము చూచి తిరిగివచ్చువారు ఎందరో కలరు. అట్టి ఆశాభంగము కలుగకుండుటకు రేవు ఎక్కడ ఉన్నది, దానిని ఎప్పటికి చేరవలెను, పడవ ఎందుకు ఆగిపోవును అను మూడు విషయములను ఇచ్చట వివరింపదలచినాము.

మొదట దారి సంగతి. సుల్తానాబాదు రాజీవ్ రహదారి మీది ఊరు. కరీంనగరము మీదుగా హైదరాబాదు వైపు పోవు బస్సులు సికింద్రాబాదులోని జూబిలీ బస్‌స్టేషనులో దించును. ఈ దూరము ఇంచుమించు 190 కిలోమీటర్లు. నాగార్జునసాగరమునకు పోవు బస్సులు మాత్రము అచ్చటినుండి కాక, మూసీ ఒడ్డున ఉన్న మహాత్మాగాంధీ బస్‌స్టేషనునుండి బయలుదేరును. పూర్వము ఈ రెండింటి నడుమ నగరమును దాటుటకే ఒక పూట గడచెడిది. 2020 ఫిబ్రవరి 7న జూబిలీ బస్‌స్టేషను, మహాత్మాగాంధీ బస్‌స్టేషనుల నడుమ మెట్రో రైలు ప్రారంభమైన పిమ్మట ఆ కష్టము చాలవరకు తీరినది. పెద్దపల్లి జంక్షనులో రైలెక్కి సికింద్రాబాదులో దిగువారు కూడ అచ్చటి మెట్రోలో పరేడ్ గ్రౌండ్ వరకు పోయి, అక్కడ మారి ఇదే మార్గమును అందుకొనవచ్చును.

హైదరాబాదునుండి సాగరమునకు దాదాపు 150 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నము, మాల్, మల్లేపల్లి దాటి పోవు ఈ దారికి మూడున్నర, నాలుగు గంటలు పట్టును. మొత్తము లెక్కించినచో సుల్తానాబాదులో తెల్లవారుజామున బయలుదేరినవాడు సాగరము చేరుసరికి ప్రొద్దు వాలుచుండును. ఆనాడు పడవ అందదు. కనుక ఒక రాత్రి హైదరాబాదులోనో, సాగరము వద్దనో బసచేసి మరునాటి ఉదయము రేవు చేరుట ఒక్కటే సరియైన ఏర్పాటు. ఒక్క దినమున పోయివత్తుమని బయలుదేరుట వ్యర్థము.

ఇక రేవు. నాగార్జునసాగరమన్నది ఒకే ఊరు కాదు. ఆనకట్టకు ఎడమగట్టున, అనగా తెలంగాణము వైపున, హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు ఉన్నవి. కుడిగట్టున ఉన్నది విజయపురి దక్షిణము. అది ఆంధ్రప్రదేశమునకు చెందినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట లాంచీల వ్యవహారమును రెండు రాష్ట్రముల పర్యాటక సంస్థలు ఎవరి గట్టున వారు చూచుకొనుచున్నారు. చిరకాలముగా ప్రసిద్ధమైన లాంచీ స్టేషను కుడిగట్టున, విజయపురి దక్షిణములో ఉన్నది. హిల్ కాలనీలో బస్సు దిగి, కుడిగట్టు లాంచీకై వెదకువాడు వృథాగా తిరుగవలసివచ్చును. ఆనకట్ట మీదుగా ప్రజల వాహనములను పోనీయరు. దిగువన ఉన్న వంతెన మీదుగా చుట్టి ఆవలి గట్టు చేరవలెను. మాచర్లకు పోవు బస్సులు ఆ వంతెన దాటి పోవును గనుక, కుడిగట్టు రేవునకు పోదలచినవారు బస్సు ఎక్కునప్పుడే ఆ సంగతి కండక్టరును అడిగి తెలిసికొనుట మేలు. బయలుదేరుటకు ముందు రోజే ఏ గట్టున లాంచీ నడచుచున్నదో పర్యాటక సంస్థవారిని టెలిఫోనులో విచారించుట అంతకంటె మేలు.

రేవు చేరినను పడవ లేకపోవుటకు కారణములు నాలుగు. మొదటిది శుక్రవారము: ఆ దినమున ద్వీపము మీది మ్యూజియమునకు సెలవు. రెండవది నీరు. సాగరపు పూర్తి నీటిమట్టము 590 అడుగులు. ఎండకాలమున మట్టము బాగుగా తగ్గినప్పుడు పెద్ద లాంచీలు రేవునకు ఆనలేవు. మూడవది వరద, గాలి. శ్రీశైలము గేట్లు తెరచి వరద వచ్చుచున్నప్పుడు, ఈదురుగాలి వీచునప్పుడు పడవలను ఆపుదురు. నాలుగవది జనము చాలకపోవుట. తగినంతమంది ప్రయాణికులు చేరినగాని లాంచీ కదలదు. ఇక ఆలస్యముగ వచ్చినవారికి పడవ ఎందుకు దొరకదో సులభముగనే గ్రహింపవచ్చును. ద్వీపము రేవునకు ఇంచుమించు 11 కిలోమీటర్ల దూరము. పోవుటకు ఒక గంట, తిరిగివచ్చుటకు ఒక గంట, అచ్చట చూచుటకు మరియొక గంట. చీకటిపడకమునుపే ఇదంతయు ముగియవలెను. వానలు వెనుకబట్టి జలాశయము నిండిన నాటినుండి మాఘమాసము వరకు ఈ ప్రయాణమునకు అనుకూలమైన కాలము.

పడవను ఆపిరని విసుగుకొనువారికి ఒక సంగతి గుర్తుచేయవలసియున్నది. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరు వద్ద మునిగినది. అందులో 77 మంది ఉండిరి. యాబదిమంది వరకు తిరిగిరాలేదు. విహారమునకై పోయిన ఓరుగల్లు ప్రాంతమువారును వారిలో ఉండిరి. నీరు శాంతముగ కనబడినంతమాత్రమున నమ్మరాదు. లైఫ్ జాకెట్ తొడుగుకొనిన పిమ్మటనే పడవలో అడుగు పెట్టవలెను. ఉక్కగా ఉన్నదని నడుమ విప్పరాదు. పిల్లలకు వారి కొలతకు సరిపడునది అడిగి తీసికొనవలెను. ఫొటోల కొరకు అందరును ఒక ప్రక్కకు గుమిగూడరాదు. జనము మించిన పడవను విడిచిపెట్టుట పిరికితనము కాదు, వివేకము.

ఇంత ప్రయాసపడి ఆ ద్వీపమున చూడదగినది ఏమున్నది? సామాన్యశకము మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురిని రాజధానిగ చేసికొని పాలించిరి. 1926లో ఈ శిథిలముల ఉనికి పురావస్తు శాఖకు తెలిసినది. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు జరిపెను. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున, డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున 1954 నుండి 1960 వరకు నీటితో పందెము వేసినట్లు త్రవ్వకములు సాగినవి. ముఖ్య కట్టడములు కొన్నిటిని ఊడదీసి, కొండమీదను అనుపు అను చోటను మరల నిర్మించిరి. 1966లో కొండమీద మ్యూజియము తెరచిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడుదల చేసిరి. పొలమునకు నీరు కావలెను, పూర్వుల గుర్తులును మిగులవలెను. ఈ రెండింటికిని నడుమ కుదిరిన ఒప్పందమే ఈ ద్వీపము.

లాంచీవారు ఇచ్చు గంటసేపు చాల స్వల్పము గనుక, దిగినవెంటనే మ్యూజియమునకు పోవుట మంచిది. సుమారు మూడు మీటర్ల ఎత్తున నిలిచిన బుద్ధవిగ్రహము, జాతక కథలు చెక్కిన సున్నపురాతి ఫలకములు, లోయలో దొరకిన ఆదిమానవుల రాతి పనిముట్లు అచ్చట ఉన్నవి. పిమ్మట మహాచైత్యము. 106 అడుగుల వ్యాసముతో, బండిచక్రపు ఆకులవలె లోపలిగోడలు కట్టిన స్తూపమది. శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ దాని ఆయకస్తంభములను ప్రతిష్ఠించినట్లు శాసనములు తెలుపుచున్నవి. తుదకు, బల్లపరుపు రాళ్లతో మెట్లుమెట్లుగా కట్టిన స్నానఘట్టము. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఉండి, నదితోపాటు మునిగిపోవలసిన ఆ మెట్లు నేడు కొండమీద ఉన్నవి.

పడవ అందనివారును నిరాశ చెందనక్కరలేదు. మునిగిన నగరపు రంగస్థలమును అనుపులో తిరిగి నిలిపినారు. ప్రేక్షకులు కూర్చుండు రాతిమెట్లు నలువైపుల ఉన్న ఆ కట్టడమునకు కుడిగట్టునుండి రోడ్డుమార్గముననే పోవచ్చును. హిల్ కాలనీలో 274 ఎకరములలో తీర్చిదిద్దిన బుద్ధవనము 2022 మే 14న ప్రారంభమైనది.

ఇంటికి మరలిన పిదప చూడవలసినది కూడ ఒకటి కలదు. మన పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట వద్ద శాతవాహనుల నాటి బౌద్ధస్తూపము ఉన్నది. పడగ విప్పిన ముచిలిందనాగుని శిల్పములు అచ్చట దొరకినవి. విజయపురి కంటె అది ప్రాచీనము. దానిని చేరుటకు పడవ అక్కరలేదు, శుక్రవారపు చిక్కును లేదు. నాగార్జునకొండను చూచివచ్చిన కన్నులతో ధూళికట్ట దిబ్బను చూచినచో, గోదావరినుండి కృష్ణవరకు ఒకే వెలుగు వ్యాపించిన కాలము మన ఊరి ప్రక్కననే మొదలైనదని పిల్లలకు చెప్పవచ్చును.