క్షయరోగ చికిత్స – దేహబలము

పైరునకు తెగులు సోకినప్పుడు మందు చల్లుదుము. అంతటితో రైతు ఊరకుండడు. నేలలో సారమున్నదా, మురుగు నిలిచినదా, వేరు గట్టిగా నున్నదా యని చూచును. ఒకే తెగులు ఒక చేనిని తుడిచిపెట్టుటయు, గట్టున కావలి చేను తేరుకొనుటయు మన చేబ్రోలు పొలములలో నెరుగని వారెవ్వరు? క్షయరోగ విషయమున వైద్యులు నేడిట్టి యాలోచనయే చేయుచున్నారు. సభ్యులకిది యుపయోగపడునని తలచి వ్రాయుచున్నాము.

1882లో జర్మను వైద్యుడు రాబర్టు కాక్ క్షయకు మూలమొక క్రిమియని కనుగొనెను. దానిని చంపు మందు మాత్రము చాలకాలము దొరకలేదు. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ చికిత్సాలయము వెలసిననాటికి విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమగు నాహారము, ఇవియే ముఖ్య చికిత్సలు. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వచ్చిన పిదప స్థితి మారెను. 1956లో మదరాసున నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రమువారు పరీక్షచేసి 1959లో ఫలితము ప్రకటించిరి. మందు క్రమముగా పుచ్చుకొన్నచో, ఇంటనున్న బీదరోగియు, చికిత్సాలయమున మంచి తిండి తిన్న రోగివలెనే కోలుకొనునని తేలెను. కావున మందే ప్రధానము. అన్నము మందునకు బదులు కాజాలదు.

అట్లయిన దేహబలము ప్రసక్తి యేల? క్రిమి ఊపిరితిత్తులలో చొరబడగనే దేహమును కాపాడు కణములు దానిని మ్రింగును. కాని యీ క్రిమి ఆ కణముల కడుపులోనే దాగి బ్రదుక నేర్చినది. బలముగల దేహము దాని చుట్టును గోడకట్టి ఏండ్ల తరబడి అణచియుంచును. తిండి చాలక, మధుమేహముచేత, లేక త్రాగుడుచేత బలము తగ్గినచో క్రిమి గోడ దాటును. పోరు మితిమీరినను చేటే. ఎలుకపై కోపమున నింటికి నిప్పు పెట్టుకొన్నట్లు, దేహము తన యూపిరితిత్తులనే కాల్చుకొనును. అందుచేతనే క్రిములు చచ్చిన పిమ్మటను కొందరికి ఆయాసము మిగిలిపోవును.

కాబట్టి క్రిమిని చంపు మందులతోపాటు, దేహమునకు బలము చేకూర్చుట, దాని మంటను మితపరచుట అను రెండు పనులకై పరిశోధనలు జరుగుచున్నవి. మెదడుపొరలకు క్షయ సోకినవారికి డెక్సామెథాసోన్ అను మంట తగ్గించు మందు కూడ నిచ్చినచో మరణములు తగ్గునని 2004లో వియత్నాము వైద్యులు చూపిరి. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్‌ను చెన్నపట్టణపు క్షయ పరిశోధన సంస్థవారు పరీక్షించిరి. దానివలన క్రిములు త్వరగా నశింపలేదు గాని, ఊపిరితిత్తుల మంట తగ్గెను. ఇట్టివి వైద్యుని చేతిలోని పనిముట్లు. అంగడిలో కొని సొంతముగా మ్రింగిన ప్రాణాపాయము.

రైతు చేతనైనది తిండి. 2023లో ప్రకటితమైన ఝార్ఖండు పరిశోధన మనకు ముఖ్యము. అందు రోగులందరికిని ప్రతినెల 10 కిలోల ఆహారపదార్థము లిచ్చిరి. కొన్నియెడల రోగి యింటివారికిని మనిషికి నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు నిచ్చిరి. రోగికి మాత్రమే యిచ్చిన యిండ్లతో పోల్చగా, ఇంటిల్లిపాదికి నిచ్చిన యిండ్లలో క్రొత్తగా క్షయ సోకుట సుమారు 39 శాతము తగ్గెను. మొదటి 2 నెలలలో 5 శాతము బరువు పెరిగిన రోగులకు మరణాపాయము 61 శాతము తక్కువగా నుండెను. 40 కిలోల మనిషికిది 2 కిలోలు మాత్రమే!

మాగాణి కోసిన పిదప మినుము, పెసర పండించుకొను ప్రాంతము మనది. అట్టిచోట ఒక రోగి యింట పప్పు లేకపోవుట మన సంఘములకు తగునా? ప్రభుత్వము 2018 ఏప్రిల్ నుండి చికిత్సాకాలమున రోగికి పోషణకై నెలకు 500 రూపాయలిచ్చెను. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసెను. ఇది రోగి ఖాతాకు చేరుచున్నదో లేదో చదువుకొన్న సభ్యుడొకడు విచారింపవచ్చును. సంఘపు గోదాములో ధాన్యము తూచు కాటాపై నెలకొకమారు రోగిని తూచి, బరువు పెరుగనిచో వైద్యునొద్దకు పంపవచ్చును. పొగాకు పండించు జిల్లా మనదైనను, రోగి చుట్ట మానవలెను.

అన్నిటికన్న ముఖ్యమగు మాట యొకటి. రెండు నెలలు మందు వాడగనే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. కోతల కూలి పిలుచును. అప్పుడే అనేకులు మందు మానుదురు. మిగిలిన క్రిములు తిరుగబడి, మందునకు లొంగని క్షయగా మారవచ్చును. సాధారణ క్షయకు మందు ఆరునెలలు. సర్కారు ఆసుపత్రిలో ఉచితము. తన చేలో పనిచేయు కూలికి జబ్బని తెలిసిన సభ్యుడు అతనిని వెలివేయక, ఆరునెలలును మందు మ్రింగించి, గిన్నెడు పప్పు పెట్టించినచో ఆ కుటుంబమును నిలబెట్టినవాడగును. ఒకరికొకరు తోడ్పడుటయే గదా సహకారము!