ఎబొనీ అలర్ట్

అమెరికాలో పిల్లల్ని ఎవరైనా ఎత్తుకుపోతే ఆ చుట్టుపక్కల సెల్‌ఫోన్లలో మోగే హెచ్చరిక ఆంబర్ అలర్ట్. 1996లో టెక్సాస్‌లో కిడ్నాపై హత్యకు గురైన 9 ఏళ్ల బాలిక పేరే దానికి పెట్టారు. అది చాలడం లేదని కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుంచి నల్లజాతి యువత కోసం విడిగా తెచ్చిందే ఎబొనీ అలర్ట్.

చిక్కంతా పోలీస్ స్టేషన్‌లో రాసే మొదటి కాగితం దగ్గరే. ఆంబర్ అలర్ట్ మోగాలంటే అది కిడ్నాపేనని పోలీసులు నమ్మాలి. నల్లజాతి బాలిక కనిపించకపోతే ‘ఇంట్లోంచి పారిపోయింది’ అని రాసేస్తున్నారని కుటుంబాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. ఆ ముక్క రాశాక అలర్ట్ రాదు. అలర్ట్ లేని కేసును టీవీ వాళ్లు పట్టించుకోవడమూ అరుదే. అదే తెల్లజాతి అమ్మాయైతే ఫొటో రోజుల తరబడి తెర మీదే. ఈ తీరుకు పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్ 2004లోనే ‘మిస్సింగ్ వైట్ ఉమన్ సిండ్రోమ్’ అని చురక వేశారు. ఆమె కూడా నల్లజాతి మహిళే, పైగా టీవీలోనే పనిచేశారు.

అప్పటి రాష్ట్ర సెనేటర్ స్టీవెన్ బ్రాడ్‌ఫర్డ్ ప్రతిపాదించిన ఎబొనీ అలర్ట్ చట్టం 12 నుంచి 25 ఏళ్ల వారికి వర్తిస్తుంది. స్థానిక పోలీసులు కోరితే హైవే పెట్రోలింగ్ విభాగం రహదారి బోర్డుల మీద వివరాలు వేయించగలదు. కిడ్నాప్ అని తేలక్కర్లేదు. కానీ కోరాలా వద్దా అన్నది మళ్లీ ఆ స్టేషన్ చేతిలోనే ఉంది. ఛానెళ్లు ప్రసారం చేసి తీరాలన్న నిబంధనా లేదు. అమెరికా మూలవాసుల కోసం ఇలాంటిదే ‘ఫెదర్ అలర్ట్’ ఇదే రాష్ట్రంలో ఏడాది ముందే, 2023లో మొదలైంది.